ఐసీయూలో సీనియర్, క్లాసులో కొత్త: ఒక నర్సింగ్ ట్యూటర్ మెంటరింగ్ కేసు

ఈ కేసులో ఉన్నది గుంటూరు దగ్గరి ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరిన ఇరవై తొమ్మిదేళ్ల నర్సు. పేరు, కాలేజీ, గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను. రాసింది ఆమె చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. ఇక్కడ ఆమెను ‘ట్యూటర్’ అనే అంటాను.

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఆమె విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రి ఐసీయూలో ఐదేళ్లు చేసింది. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ను ఆమెకు అప్పగిస్తే డ్యూటీ డాక్టర్లు నిశ్చింతగా ఉండేవారని అక్కడి ఇన్‌చార్జ్ సిస్టర్ నాతో చెప్పారు. పెళ్లయింది, పాపకు మూడేళ్లు. నైట్ డ్యూటీలు తప్పుతాయని, టీచింగ్ అయితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చని కాలేజీకి మారింది. జీతం కాస్త తగ్గినా పర్లేదనుకుంది. చేరిన ఎనిమిది నెలలకే రాజీనామా లెటర్ రాసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది.

ప్రిన్సిపాల్ నాకు కబురు చేసింది అప్పుడే. గుంటూరు, విజయవాడ మధ్య ఉన్న నర్సింగ్ కాలేజీల్లో కొత్త టీచర్లకు మెంటర్‌గా పని చేయడం నా వృత్తి. అంతకు ముందు చాలా ఏళ్లు వార్డులో, ఆ తర్వాత క్లాసులో గడిపాను. ఫోన్‌లో ప్రిన్సిపాల్ గారు అన్నది ఇది: “మేడమ్ గారూ, పిల్ల మంచిదే. కానీ సిలబస్ వెనకబడింది, ఫైళ్లు పూర్తి కాలేదు, పిల్లల మీద అరుస్తోందని కంప్లైంట్లు. కాస్త ధైర్యం చెప్పి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పండి.”

టైమ్ మేనేజ్‌మెంట్ అన్న మాట ఎవరైనా అంటే నేను ముందు డ్యూటీ చార్ట్ అడుగుతాను. ఈసారీ అదే అడిగాను. రావడానికి వారం పట్టింది. వచ్చిన చార్టులో ఆమె చేస్తున్న పనిలో సగం కూడా లేదు.

మొదట తేల్చుకోవాల్సినవి

మెంటరింగ్ మొదలుపెట్టేముందు ఇది మెంటరింగ్‌తో తీరే విషయమా కాదా అన్నది చూడాలి. నిద్ర, ఆకలి, ఏడుపు, బతకాలని లేదన్న ఆలోచనలు, అన్నీ నేరుగా అడిగాను. అలాంటి ఆలోచనలుంటే నా పని అక్కడ ఆపి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఈ నంబరు నర్సింగ్ స్టూడెంట్లకు పాఠంలో చెబుతాం కానీ చెప్పే టీచర్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండదు. ఆమెకు అలాంటి ఆలోచనలు లేవు. పడుకుంటే నిద్ర పడుతోంది, పడుకోవడానికే టైమ్ లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువగా వచ్చింది. దానికి మందులు మొదలయ్యాయి. ఆ సంగతి అంతటితో సరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా రాసింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తంతా ఖాళీ అయిపోవడం, పని మీద మనసు విరిగి విసుగు, వెటకారం రావడం, నా వల్ల పని కావడం లేదన్న భావన. మొదటిది ఆమెలో నిండుగా ఉంది. రెండోది మొదలైంది. మూడో దాని దగ్గరే నాకు ఆసక్తి పుట్టింది. క్లాసు గురించి మాట్లాడితే “నాకు రాదు మేడమ్, నేను టీచర్‌ని కాను” అంటుంది. అదే మనిషి వార్డులో పేషెంట్ మంచం పక్కన నిలబడితే మాట తీరే మారిపోతుంది. సెలైన్ డ్రిప్ దూరం నుంచే చూసి ఎన్ని చుక్కలు పడుతోందో చెప్పేస్తుంది. అంటే పోయింది సామర్థ్యం కాదు.

పాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సింగ్ ప్రొఫెసర్ 1984లో నర్సు ఎదుగుదలను ఐదు మెట్లుగా విడదీశారు. కొత్తగా వచ్చినవారు, కాస్త అలవాటు పడ్డవారు, స్వయంగా చేయగలిగినవారు, చూపుతోనే పరిస్థితిని పట్టుకునేవారు, చివరికి నిపుణులు. వార్డు మారితే నిపుణులు కూడా మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వస్తారన్నది అందులో మనం తరచూ మర్చిపోయే సంగతి. ఈ ట్యూటర్ మారింది వార్డు కాదు, వృత్తే మారింది. ఐసీయూలో ఐదో మెట్టు మీదున్న మనిషి క్లాసులో మొదటి మెట్టు మీదకొచ్చింది. బయోడేటాలో ‘ఐదేళ్ల అనుభవం’ అని ఉంది కాబట్టి ఆమె కొత్త అని కాలేజీలో ఎవరికీ తోచలేదు. చేరిన రెండో రోజే మెడికల్ సర్జికల్ నర్సింగ్ సబ్జెక్టు, పాతికమంది స్టూడెంట్ల క్లినికల్ గ్రూపు చేతికిచ్చారు. వార్డు శిక్షణలో, అంటే క్లినికల్ పోస్టింగ్‌లో, పదిమంది స్టూడెంట్లకు ఒక టీచర్ ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. కాగితం మీద ఆ నిష్పత్తికి దగ్గరగానే కనిపిస్తుంది. ఇంకో టీచర్ పేరు కూడా రాసి ఉంది. ఆ టీచర్ ఆఫీసులో ఫైళ్ల పని మీద ఉంటుంది.

డైరీలో బయటపడినవి

రెండు వారాల పాటు ఏం చేస్తే అది, ఏ వేళ చేస్తే ఆ వేళ, చిన్న నోట్‌బుక్‌లో రాయమన్నాను. మెప్పించడానికి రాయొద్దని, అక్షరదోషాలు కూడా దిద్దొద్దని చెప్పాను.

ఇల్లు విజయవాడలో. పొద్దున్నే పాపను అత్తయ్యకు అప్పగించి, ఆటోలో పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి వచ్చి, గుంటూరు బస్సెక్కుతుంది. ఎనిమిదింటికి వార్డులో ఉండాలి. ఒంటిగంట దాకా క్లినికల్, తర్వాత కాలేజీకి వెళ్లి క్లాసులు. సాయంత్రం మళ్లీ బస్సు. వారధి దాటి బస్టాండ్ చేరేసరికి చీకటి పడుతుంది. ఇంతవరకు డ్యూటీ చార్టులో ఉన్నదే.

చార్టులో లేనివి డైరీ చివరి పేజీల్లో దొరికాయి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఆమె చేతిలో ఉంది. “మా అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు మేడమ్” అని రాత్రి పదింటికి మెసేజ్. హాస్టల్లో ఎవరికైనా జ్వరమొస్తే వార్డెన్ ముందు ఫోన్ చేసేది ఆమెకే, ఎందుకంటే “మీరు ఐసీయూ సిస్టర్ కదా”. స్టూడెంట్లు రాసిన కేర్ ప్లాన్లు (పేషెంట్‌ను ఎలా చూసుకోవాలో రాసే ప్రణాళికలు), డ్రగ్ బుక్కులు, లాగ్ బుక్కులు సంచీలో వేసుకుని ఇంటికి మోసుకెళ్లి పాప పడుకున్నాక దిద్దడం. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే పాత తేదీల మీటింగ్ రిజిస్టర్లు చక్కబెట్టడం. కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త సిలబస్‌తో బీఎస్సీ సెమిస్టర్ పద్ధతికి మారింది. ఇంటర్నల్ పరీక్షలు, మార్కుల ఎంట్రీ అన్నీ ఏడాదికి రెండు దఫాలయ్యాయి. టీచర్ల సంఖ్య మాత్రం పెరగలేదు. ఇక వేసవిలో అడ్మిషన్ల కోసం పల్నాడు వైపు ఊళ్లకు పంపి, ఇంటర్ బైపీసీ పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడమన్నారు. ఆ ప్రయాణాలకు ఓడీ (డ్యూటీలో ఉన్నట్టు హాజరు) ఇచ్చారు, బస్సు ఛార్జీలు ఇవ్వలేదు.

పాఠం తయారు చేసుకోవడానికి ఆమెకు దొరికిన సమయం బస్సులోనే. సీటు దొరికిన రోజున.

సిలబస్ వెనకబడటానికి, అరుపులకు కారణం వెతకడానికి ఇంతకన్నా దూరం పోనక్కర్లేదు. అయితే ఈ నోట్‌బుక్‌ని ప్రిన్సిపాల్‌కి ఎలా చూపాలన్నది వేరే చిక్కు.

ఇద్దరు కావాలి

మెంటర్ చేసే పనిని కాథీ క్రామ్ అనే పరిశోధకురాలు 1980లలో రెండుగా విడదీశారు. ఒకటి కెరీర్‌కి ఊతమివ్వడం: అవకాశాలు ఇప్పించడం, పదిమందిలో పేరు ప్రస్తావించడం, అవసరమైతే అడ్డుపడి కాపాడటం. రెండోది మనసుకి ఊతమివ్వడం: వినడం, నమ్మకం కలిగించడం, తన నడతతో చూపించడం. మన కాలేజీల్లో మెంటర్ అంటే ఈ రెండో రకమే. ‘మెంటర్–మెంటీ’ రిజిస్టర్ ఉంటుంది, అందులో ‘కౌన్సెలింగ్ ఇవ్వబడింది’ అని రాసి సంతకం పెడతారు. మనిషికి ధైర్యం చెప్తారు, డ్యూటీ అలాగే ఉంటుంది. వారం తిరిగేసరికి ఆ ధైర్యం కూడా అయిపోతుంది.

నా చేతిలో డ్యూటీ చార్ట్ మార్చే అధికారం లేదు, ఉండకూడదు కూడా. ఎవరు నా మార్కులు వేస్తారో వాళ్ల ముందు నేను కూర్చుని ‘నాకు రావడం లేదు’ అని చెప్పుకోను. ఎవరూ చెప్పుకోరు. అందుకని పనిని రెండు చేతుల్లో పెట్టాను. ఆమె చెప్పుకునేది నాతో. మార్చగలిగింది వైస్ ప్రిన్సిపాల్ చేతిలో. ఇద్దరి మధ్య ఏ సంగతి వెళ్లాలో ట్యూటరే నిర్ణయిస్తుంది.

ప్రిన్సిపాల్ గారికి ఇది నచ్చలేదు. వారం వారం రిపోర్ట్ కావాలన్నారు. “కలిశామా లేదా అన్నది మాత్రం చెప్తానండీ, ఏం మాట్లాడుకున్నామో చెప్పను” అన్నాను. కాస్త బిగుసుకున్నా చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే నేను ఆ కేసు తీసుకునేదాన్ని కాదు.

వైస్ ప్రిన్సిపాల్ గారు పాతకాలపు మనిషి, గుంటూరు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి వచ్చారు. డైరీ తిరగేసి, “మా రోజుల్లో ఇంతకన్నా ఎక్కువ చేశాం” అంటారని అనుకున్నాను, అలాగే అన్నారు. తర్వాత పేజీ తిప్పి, హాస్టల్ ఫోన్ల దగ్గర ఆగి, “ఇది వార్డెన్ పని కదమ్మా?” అన్నారు. అక్కణ్నుంచి మాట సాగింది.

మార్పులు చిన్నవే. జ్వరాల ఫోన్లు వార్డెన్, సిక్ రూమ్ డ్యూటీ టీచర్ వంతుకి పోయాయి. తల్లిదండ్రుల గ్రూపులో అడ్మిన్‌లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేని సెట్టింగ్ పెట్టి, క్లాస్ టీచర్లు నెలకొకరు చూసుకునేలా చేశారు. ఆమె గ్రూపు క్లినికల్ పోస్టింగ్‌ను గుంటూరు నుంచి మంగళగిరి వైపు ఆస్పత్రికి మార్చారు. కాలేజీకి అక్కడ ఎలాగూ ఒప్పందం ఉంది, పిల్లలకు కాలేజీ బస్సు ఉంది. ఆమెకు పొద్దున్న సగం దూరం తగ్గింది. పాపకు తనే జడ వేసి బయల్దేరగలిగింది. ఫైళ్లలో ఉన్న ఆ రెండో టీచర్‌ను వారంలో రెండు రోజులు నిజంగా వార్డుకి పంపారు. రోజూ పంపమని అడిగాం, అది కాలేదు.

మంచం పక్కన

ఈ కేసులో నేను ఎక్కువ టైమ్ పెట్టింది బోధన మీద. పని తగ్గించినంత మాత్రాన కొత్త టీచర్ పాత టీచర్ అయిపోదు.

ఆమె అరిచేది ఎప్పుడో గమనించడానికి వార్డులో ఒక మూల నిలబడ్డాను. తప్పు చేసినప్పుడు కాదు, నెమ్మదిగా చేసినప్పుడు. ఐసీయూలో నెమ్మదితనం ప్రాణం మీదకి తెస్తుంది. ఆమె చెవికి, చేతికి ఆ వేగం అలవాటు. సెకండియర్ పిల్ల బీపీ చూడటానికి తంటాలు పడుతుంటే, ఆ కఫ్ తనే లాక్కుని చూసేస్తుంది. పిల్ల నేర్చుకోదు, పేషెంట్ అటెండర్ల ముందు చిన్నబోతుంది. సాయంత్రం హాస్టల్లో అది కంప్లైంట్ అవుతుంది.

నేను ఆమెకు నేర్పింది ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ అనే పద్ధతి. 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ టీచర్లు, రద్దీగా ఉన్న క్లినిక్‌లో రెసిడెంట్లకు, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లకు, త్వరగా నేర్పడానికి తయారు చేసుకున్నారు. మన వార్డులకు కుట్టించినట్టు సరిపోతుంది. అందులో ఐదు అడుగులున్నాయి. స్టూడెంట్ చేత ముందు ఒక నిర్ణయం చెప్పించాలి, అలా ఎందుకనుకుందో అడగాలి, వేరే పేషెంట్లకు కూడా పనికొచ్చే ఒక సూత్రం చెప్పాలి, సరిగ్గా చేసినదాన్ని పేరు పెట్టి మెచ్చుకోవాలి, తప్పు సరిదిద్దాలి. వేగం ఆమెకు సహజం కాబట్టి ‘నిమిషం’ అన్న మాట విని ఆమె కళ్లు మెరిశాయి. నిమిషంలో అవదు, నాలుగైదు పడుతుంది. ఆ సంగతి మెల్లగా చెప్పాను.

కొద్ది వారాల తర్వాత నేను విన్న సంభాషణ ఇది. ముందురోజు గర్భసంచి ఆపరేషన్ అయిన పేషెంట్.

“మేడమ్, బీపీ తొంభై బై అరవై ఉంది.”

పాత ట్యూటర్ అయితే అప్పటికే మంచం దగ్గరికి పరుగెత్తేది. ఈసారి నడుస్తూనే అడిగింది: “ఏమవుతోందనుకుంటున్నావ్?”

“బ్లీడింగేమో మేడమ్.”

“ఎందుకలా అనిపించింది?”

“పల్స్ నూట పద్దెనిమిది. యూరిన్ బ్యాగులో గంట నుంచి పదిహేను ఎం.ఎల్. మాత్రమే వచ్చింది.”

ఈలోపు మంచం దగ్గరికి చేరారు. ట్యూటర్ చేతులు పేషెంట్‌ను చూస్తున్నాయి, నోరు స్టూడెంట్‌తో మాట్లాడుతోంది. డ్యూటీ సిస్టర్‌కి కబురు వెళ్లింది, డాక్టర్ వచ్చారు. పేషెంట్ కుదుటపడ్డాక కారిడార్‌లోకి తీసుకెళ్లి మిగతాది చెప్పింది. “బీపీ పడేలోపే పల్స్ పెరుగుతుంది, గుర్తుంచుకో. యూరిన్ గంటకి, కిలో బరువుకి అర ఎం.ఎల్. కంటే తగ్గితే ఎవరికైనా చెప్పాల్సిందే. ఒక్క అంకె చెప్పి ఊరుకోకుండా పల్స్, యూరిన్ కూడా చూసుకొచ్చావు, బావుంది. కానీ బ్లీడింగ్ ఎంతుందో ప్యాడ్ చూడలేదు. ఇంకోటి, నాకోసం వెతుక్కుంటూ వచ్చావు. ముందు డ్యూటీ సిస్టర్‌కి చెప్పాలి, తర్వాతే నాకు.”

అత్యవసరంలో ఈ పద్ధతిని ఎక్కడ విరగ్గొట్టాలో నేను ఆమెకు చెప్పలేదు. మంచం దగ్గర రెండడుగులు, కారిడార్‌లో మూడడుగులు అని ఆమే విభజించుకుంది. ఐసీయూలో ఐదేళ్లు ఊరికే పోలేదు.

ఇళ్లకు మోసుకెళ్లే రికార్డుల బరువు కూడా దీంతోనే తగ్గింది. రోజుకి స్టూడెంట్‌కి ఒకే కేర్ ప్లాన్, అదీ పేషెంట్ దగ్గరే నిలబెట్టి నోటితో చెప్పించుకుని, అక్కడే ఎర్ర ఇంకుతో దిద్ది సంతకం. ఇంటర్నెట్ నుంచి దించిన కేర్ ప్లాన్లు ఆ వారంలోనే మాయమయ్యాయి. పేషెంట్ పక్కన నిలబడి వేరే పేషెంట్ సంగతులు చదవడం ఎవరికైనా కష్టమే మరి.

ఎదుగుదల అంటే

ఆమెకు అందరూ ఇచ్చే సలహా ఎమ్మెస్సీ చేయమని. మాట నిజమే. బీఎస్సీతో ట్యూటర్ దగ్గరే ఆగిపోవాలి, అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎమ్మెస్సీ తప్పదు. రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు, బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం ఉండాలి. రెండూ ఆమెకున్నాయి. తోటి ఐసీయూ సిస్టర్లు జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష రాసి జర్మనీ వెళ్లిపోతున్నారు. ట్యూటర్ వాళ్లాయన కూడా ఆ మాటే అంటున్నారు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని కౌన్సిల్ రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు (ఆస్పత్రిలో పనిచేస్తూ చదివేది) ఒకటి పెట్టింది. ఐసీయూ అనుభవానికి విలువిచ్చేది అదేనని ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

ఏది మంచిదో నేను చెప్పలేదు. వచ్చే మూడేళ్లలో ఒక మామూలు మంగళవారం ఎలా ఉండాలో రాసుకురమ్మన్నాను. డిగ్రీ పేర్లు రాయొద్దన్నాను. ఆమె రాసుకొచ్చిన మంగళవారంలో ఐసీయూ ఉంది, నలుగురైదుగురు కొత్త నర్సులు ఉన్నారు, నైట్ డ్యూటీ లేదు, పాప స్కూల్ విజయవాడలో ఉంది. తరగతి గది లేదు.

విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా ఆగింది. సిలబస్ ముగించింది, పిల్లల ఇంటర్నల్స్ అప్‌లోడ్ చేసింది, తన తర్వాత వచ్చే మనిషికి అన్నీ రాసి అప్పగించింది. ఆ తర్వాతే కాలేజీ వదిలి, విజయవాడలో ఒక ఆస్పత్రిలో క్లినికల్ ఎడ్యుకేటర్‌గా చేరింది. కొత్తగా చేరే స్టాఫ్ నర్సులకు వార్డులోనే శిక్షణ ఇచ్చే పోస్టు అది. ఆస్పత్రి నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే సిబ్బందికి శిక్షణ ఇస్తున్నట్టు చూపాలి కాబట్టి పెద్ద ఆస్పత్రుల్లో ఇలాంటి పోస్టులున్నాయి. పగటి డ్యూటీ, ఐసీయూ, నేర్పడం. ఇంటర్వ్యూలో ఆమె క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) గురించి అడిగిందట. యాభైమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. అడిగినందుకు హెచ్‌ఆర్ వాళ్లు కాస్త వింతగా చూశారని నవ్వుతూ చెప్పింది.

ప్రిన్సిపాల్ గారి లెక్కలో ఈ కేసు ఫెయిల్. “ఉంచమని పిలిస్తే పంపించేశారు” అన్నారు, సగం సరదాగా. ఆయన బాధ నాకర్థమవుతుంది. ఎనిమిది నెలలకే పోవాల్సిన మనిషి కోర్సు మధ్యలో వదలకుండా పూర్తిచేసి వెళ్లడం నా లెక్కలో చిన్న విషయం కాదు. మధ్యలో పోయి ఉంటే ఆ పాతికమంది పిల్లలు ఆ సెమిస్టర్‌లో ముగ్గురు టీచర్లను చూసేవారు.

కాలేజీలో మార్పులు కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. కేర్ ప్లాన్ మంచం పక్కనే దిద్దడం మిగతా టీచర్లు కూడా పట్టుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. హాస్టల్ ఫోన్లు వార్డెన్ దగ్గరే ఉన్నాయి. తల్లిదండ్రుల గ్రూపు మాత్రం అడ్మిషన్ల సీజన్‌లో మళ్లీ తెరిచారు, ఇంకా మూయలేదు. ఆమె సీట్లో ఈ ఏడాది బీఎస్సీ పూర్తిచేసిన అమ్మాయిని ఏడాది వార్డు అనుభవం రాకముందే కూర్చోబెట్టబోతుంటే వైస్ ప్రిన్సిపాల్ గారు అడ్డుపడ్డారని విన్నాను. ఆ కాలేజీ నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి డ్యూటీ చార్ట్ చేతిలో ఉన్న మనిషి మొదటి మీటింగుకే రావాలని షరతు పెట్టాను.

ట్యూటర్ నెలకోసారి ఫోన్ చేస్తుంది. ఎమ్మెస్సీ ఆలోచన పోలేదు. ఆస్పత్రి వాళ్లు జీతం లేని స్టడీ లీవ్ ఇచ్చి, అయ్యాక అదే పోస్టులోకి తీసుకుంటామని నోటిమాటగా అన్నారట. ఆ మాట కాగితం మీద పెట్టించుకోమన్నాను. ఇంకా పెట్టించుకోలేదు.